ఆదివారం పన్నెండింటి పాట

పెత్రోవ్రిసి,
12 జూన్ 1963, బుధవారం

వదినా,

మూడు రోజులుగా వాన పడుతుందో పడదో తెలియకుండా ఉంది. ఆకాశం నల్లబడుతుంది, మళ్లీ తేలిపోతుంది. కోసిన గడ్డి ఇంకా చేలోనే ఉంది. అన్నయ్య పొద్దున దాన్ని పరుస్తాడు, మధ్యాహ్నం కుప్ప వేస్తాడు, మబ్బు పోగానే మళ్లీ పరుస్తాడు. "ఈ గడ్డి చుట్టూ తిరిగినన్నిసార్లు ఆసుపత్రి చుట్టూ తిరిగుంటే నా పెళ్లాం ఈపాటికి ఇంటికొచ్చేది" అంటున్నాడు. నీకు ఉత్తరం రాయమంటే మాత్రం చేతిలో పార వదలడు. సంతకం పెట్టడానికే వాడికి అరగంట పడుతుందని నీకు తెలుసు కదా.

జ్వరం, దగ్గు, బరువు డాక్టరు రాసుకుంటాడు, మనం ఏం విన్నామో, ఎందుకు విన్నామో రాసుకుందాం అని ఫిబ్రవరిలో బస్సెక్కేటప్పుడు అన్నావు. అందుకని రాస్తున్నాను.

శనివారం సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ పట్నం పాటలు విన్నాను. ఓడరేవులో ఎవరికోసమో ఎదురుచూసే ఆడమనిషి పాట. నీకు నచ్చదు, ముక్కుతో పాడుతుందంటావు. ఎందుకు విన్నానంటే, ఆ పాటలో ఎవరూ గడ్డి కోయరు. ఆదివారం క్లారినెట్ వేశారు. అమ్మ గుమ్మంలో నిలబడి కోళ్లను చూస్తున్నట్టు నటించింది. కోళ్లు అప్పటికే గూట్లో ఉన్నాయి. పాట అయిపోగానే "ఆ దెయ్యం పెట్టె కట్టెయ్యి, బ్యాటరీ దండగ" అంది. నాన్న పోయినప్పుడు ఏడాదిపాటు రేడియో మీద నల్లగుడ్డ కప్పి ఉంచిన మనిషే, సంవత్సరీకం మర్నాడు దాన్ని తీసి, దుమ్ము తుడిచి, "ఇది ఇంకా పలుకుతుందా?" అని మొదట అడిగిందీ ఆవిడే.

పక్కింటి హైడో రోజూ వచ్చి గోడ మీద కూర్చుని వింటోంది. "ఇంకొంచెం పెంచవే పిసినారీ" అంటుంది. ఏప్రిల్‌లో నీ పక్క మంచం వదిలేసి వచ్చాక మందుల మాట ఎత్తితే నవ్వేస్తుంది. పైవాడ పెళ్లిలో మూడుసార్లు ఆడింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

గుర్రానికి నాడా ఊడింది. ఇక ఉంటాను.

నీ ఆడపడుచు
లంబ్రిని

&nbsp;

కొండ ఆసుపత్రి,
24 జూన్, సోమవారం

లంబ్రినీ,

నిన్న రాత్రి కింద ఊళ్లో పండగ మంటలు వేసి దూకారట. మేం పొగ మాత్రమే చూశాం. పొద్దున్నుంచీ గాలి లేదు. ఇక్కడ నా పని ఏమిటో తెలుసా? ఎనిమిదికి వరండాలో పడుకోవడం, పదింటికి లేచి పాలు తాగడం, తర్వాత మళ్లీ పడుకోవడం. కోటు గుండీలంత మాత్రలు పన్నెండు మింగడం. నూర్పిడికి కూలికెళ్లినా ఇంత అలసట రాదమ్మాయ్. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది.

మా వార్డుకి గోడమీద ఒకటే రేడియో పెట్టె, ఇరవై నాలుగు మంచాలు. పెద్ద నర్సు వార్తలు పెడుతుంది, వార్తల తర్వాత సైనికుల బ్యాండు పెడుతుంది. ఆవిడ అటు వెళ్లగానే ఇక్కడ యుద్ధం. ద్వీపాల నుంచి వచ్చిన మరిగోకి ఫిడేలు కావాలి. ఓడరేవు నుంచి వచ్చిన ఆవిడకు నువ్వు వినే ముక్కుపాటలు కావాలి. నాకేం కావాలో నీకు తెలుసు. పోయిన గురువారం నా వంతు వచ్చింది. మన వైపు క్లారినెట్. దుప్పటి కింద నా కాళ్లు వాటంతటవే కదిలాయి. నర్సు చూసి నా కాగితంలో "చలి" అని రాసి ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది.

ఎందుకు విన్నావంటావా? వినకపోతే నా కాళ్లు నావని మర్చిపోతాను.

ఇప్పుడు అసలు మాట. ఆగస్టు పదిహేను అమ్మవారి పండగకు నేను వచ్చేస్తాను. డాక్టరు నవంబరు అంటున్నాడు. హైడోకీ నవంబరే అన్నాడు. నా ఎక్స్‌రే ఫిల్ములో ఉన్నదీ ఆమె ఫిల్ములో ఉన్నదీ ఒకటే, ఊపిరితిత్తిలో పప్పుగింజంత మచ్చ. పక్కపక్కన పెట్టి చూపించాడు కూడా. ఆమె ఏప్రిల్‌లో లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు పెళ్లిళ్లలో ఆడుతోంది. నేను ఇక్కడ పాలు తాగుతున్నాను. ఇందులో తెలివైంది ఎవరో నువ్వే చెప్పు. మరిగోకి కూడా ఈ మాటే చెప్పాను. ఆవిడ కూడా పెట్టె సర్దుకోవాలని చూస్తోంది.

అత్తయ్యకు నా నమస్కారాలు. రేడియో దగ్గర కోళ్లు బాగానే పెరుగుతున్నాయా అని అడిగానని చెప్పు. మీ అన్నకు చెప్పు, పండగలో నా చెయ్యి పట్టుకుని ముందు నిలబడాలి, పారలాగా నిలబడితే కుదరదు.

పధ్నాలుగో మంచం నుంచి
ఎవాంథియా

&nbsp;

పెత్రోవ్రిసి,
16 జూలై, మంగళవారం

వదినా,

ఎండ మండుతోంది. నూర్పిడి మొదలైంది. కళ్లంలో గుర్రం పొద్దుటినుంచి తిరుగుతోంది, నేను వెనకాల తిరుగుతున్నాను. ముక్కులో, కళ్లలో, తలలో అంతా పొట్టే. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రెండుసార్లు జవాబు మొదలుపెట్టాను, పని తగిలింది.

ఏం విన్నానంటావా? గుర్రం మెడలో గంట. కొండమీద మన పెద్ద పొట్టేలు గంట. నువ్వు వెళ్లాక దాని గంట పగిలింది, ఇప్పుడు సత్తుగిన్నె కొట్టినట్టు మోగుతుంది. తెల్లవారుజామున చర్చి గంట. ఎందుకు విన్నానంటే, అవే వినిపించాయి.

హైడో సంగతి రాశావు. వాళ్లింట్లో తీరిక లేదు. వాళ్ల గురించి ఇంకోసారి రాస్తాను.

వదినా, పండగకు రావద్దు. నవంబరు ఎంతో దూరం లేదు. వాల్‌నట్లు రాలతాయి, వాటిని ఒలుస్తాం, చేతులు నల్లబడతాయి, ఆ నలుపు పోయేలోపు నువ్వు వస్తావు. డాక్టరు చెప్పినన్ని రోజులు ఉండు. ఇది నా మాటొక్కటే కాదు, అందరి మాటా ఇదే.

అమ్మ నమస్కారాలు చెప్పమంది. అన్నయ్య కళ్లంలో ఉన్నాడు.

లంబ్రిని

&nbsp;

కొండ ఆసుపత్రి,
24 జూలై, బుధవారం

అమ్మాయ్ లంబ్రినీ,

ఇది ఉత్తరమా, పోలీసు రిపోర్టా? గుర్రం గంట, పొట్టేలు గంట, చర్చి గంట! నాకు తెలియని గంటలా అవి? రేడియో ఏమైంది? అమ్మేశారా? అది నా రేడియో. రెండు శీతాకాలాలు మగ్గం మీద కూర్చుని, దుప్పట్లు నేసి కొన్నాను. అమ్మేస్తే అమ్మేశామని చెప్పండి, నేనేమీ చచ్చిపోను.

హైడోకి తీరిక లేదా! నూర్పిడికి కూడా దిగిందన్నమాట. నేను ఇక్కడ పాల చెంబు ఎత్తితేనే నర్సు పరిగెత్తుకొచ్చి లాక్కుంటోంది. ఈ మాట చదివాక నాకు మంచం మీద నడుం నిలవలేదు.

ఇంకోటి. "అందరి మాటా ఇదే" అని రాశావు. అందరూ అంటే ఎవరు? నేను ఆలోచించాను. పండగ ఆటలో నా చెయ్యి పట్టుకోవడానికి జనం భయపడతారని మీకు దిగులు. హైడో చెయ్యి పట్టుకున్నారు కదా? ఆమె ఊళ్లో పుట్టిన పిల్ల, నేను కోడల్ని, అదేనా తేడా? తిన్నగా చెప్పు లంబ్రినీ. నువ్వు నోట్లో మాట దాచుకునేదానివి కావు.

పోనీ. కోపంగా ఉన్నా ఒక మంచిమాట చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి శ్రోతలు కోరిన పాటలు వేస్తారు కదా. నేనూ మరిగో కలిసి స్టేషనుకు ఉత్తరం రాశాం. జవాబు వచ్చింది. ఆగస్టు నాలుగు ఆదివారం "కొండ ఆసుపత్రి నుంచి ఎవాంథియా, పెత్రోవ్రిసిలో ఉన్న భర్త స్టెర్యోస్‌కు" అని చదివి, మా పెళ్లి పాట వేస్తారు. మీ అన్న ఆ రోజు వాయిద్యగాళ్ల ముందు నిలబడి అడిగి వాయించుకున్న పాట. గుర్తుందా, ఆ పాట అయిపోయేదాకా ఎవర్నీ ఆటలోకి రానివ్వలేదు, సొంత చెల్లెలివి, నిన్ను కూడా నెట్టేశాడు.

ఆ రోజు వాణ్ని ఎక్కడికీ పోనివ్వకు. చర్చి నుంచి తిన్నగా ఇంటికి తీసుకురా. రేడియో ముందు కూర్చోబెట్టు. వాడి మొహం ఎలా ఉందో నాకు రాయాలి. బ్యాటరీ లేకపోతే అప్పుతెచ్చి వెయ్యండి.

ఎవాంథియా

&nbsp;

పెత్రోవ్రిసి,
6 ఆగస్టు, మంగళవారం

వదినా,

రెండు రోజులుగా వేడిగాలి వీస్తోంది. గోధుమలు లోపలికి చేర్చాం. పండగ ఉపవాసాలు కదా, నూనె కూడా లేకుండా చిక్కుడు గింజలు తిని అన్నయ్యకు నీరసం వచ్చింది. రేడియో అమ్మలేదు. అది అల్మారా మీదే ఉంది.

ఆదివారం పాట విన్నాం. బాగుంది. నీ పేరు చదివినప్పుడు అన్నయ్య టోపీ తీశాడు. క్లారినెట్ పైకి లేచేసరికి బయటికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ కూడా కోళ్లను చూడలేదు, తిన్నగా రేడియోనే చూసింది. అందరికీ చాలా సంతోషం కలిగింది.

పండగకు మాత్రం రావద్దు వదినా. నీ చెయ్యి పట్టుకోవడానికి ఎవరికీ భయం లేదు. అది కారణం కాదు. నీకు దండం పెడతాను, కారణం అడగకు.

నీ లంబ్రిని

&nbsp;

కొండ ఆసుపత్రి,
10 ఆగస్టు, శనివారం

లంబ్రినీ,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివాను. వరండాలో పడుకోకుండా నడుస్తున్నానని నర్సు తిట్టింది. నా జ్వరం అర డిగ్రీ పెరిగిందట. పెరగనీ.

ఆదివారం పన్నెండింటికి నేనూ విన్నాను. వార్డంతా విన్నాం. ఆ మనిషి నా పేరు చదివాడు, స్టెర్యోస్ పేరు చదివాడు, తర్వాత వేరే రికార్డు పెట్టాడు. ఫిడేలు. ద్వీపాల పాట. మరిగో మంచం మీద లేచి కూర్చుని "ఇది మా ఊరి పాటే!" అని కేక పెట్టింది. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. మీ అన్న ఎలా తిట్టి ఉంటాడో, నువ్వు ఎలా రాస్తావో అని ఐదు రోజులు ఎదురుచూశాను.

అక్కడ క్లారినెట్ లేనే లేదు లంబ్రినీ.

అంటే మీరు వినలేదు. మన రేడియో ఆదివారం మధ్యాహ్నం పలకలేదు. నేను ముందే రాసి, బ్యాటరీ అప్పుతెచ్చి వెయ్యమని చెప్పినా పలకలేదు. అమ్మలేదని నువ్వే రాశావు. అల్మారా మీదే ఉందట.

మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చూశాను. జూన్‌లో పట్నం పాట, క్లారినెట్, అత్తయ్య కోళ్లు. జూలై నుంచి గంటలు తప్ప ఏమీ లేవు. ఇంట్లో పుట్టిన చప్పుడు ఒక్కటీ లేదు, అన్నీ బయటివే. ఇంట్లో రేడియో ఉండి, ఆదివారం మధ్యాహ్నం అది పలకలేదంటే మన వైపు దానికి ఒకటే అర్థం. దాని మీద నల్లగుడ్డ ఉంది.

తర్వాత మనుషుల్ని లెక్కపెట్టాను. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఉత్తరం రాస్తున్నది నువ్వు. నమస్కారాలు పంపుతున్నది అత్తయ్య. "అన్నయ్య కళ్లంలో ఉన్నాడు." "అన్నయ్య టోపీ తీశాడు." వాడి మాట ఒక్కటి లేదు. జూన్‌లో గడ్డి గురించి ఏదో అన్నాడని రాశావు. అప్పటి నుంచి మీ అన్న ఏమీ అనలేదు. వాడు రోజుకో వెటకారం ఆడకుండా ఉండే మనిషి కాడు.

ఏమైంది? ఎప్పుడు? గుర్రం తన్నిందా? నూర్పిడిలోనా?

వంటింటి మనిషి చేత నల్లరంగు తెప్పించి తలగుడ్డ నానబెట్టాను. పెట్టె సర్దాను. డాక్టరు సంతకం పెట్టడట, పెట్టకపోతే మానె. హైడో సంతకం అడిగి వెళ్లిందా? మరిగో కూడా నాతో వస్తానంటోంది. ఇరవయ్యో తారీకుకి గాని బస్సు డబ్బులు చేతికి రావు, ఆ మంగళవారం ఆరున్నర బస్సుకు బయల్దేరుతున్నాను. నువ్వింకేం రాసినా నమ్మను.

ఎవాంథియా

&nbsp;

పెత్రోవ్రిసి,
15 ఆగస్టు, పండగ రోజు

వదినా,

ఎండ తగ్గింది, గాలి లేదు. ఈరోజు పని లేదు. మన వీధి తప్ప ఊరంతా చావడి దగ్గరే ఉంది. ఇక్కడి నుంచి క్లారినెట్ వినిపిస్తోంది, డప్పు వినిపించడం లేదు. పొద్దున చర్చికి వెళ్లి, రొట్టె తీసుకుని, తలుపులు వేసుకుని కూర్చున్నాం.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అన్నయ్యకు చదివి వినిపించాను. సగం వినేసరికి లేచి నిలబడ్డాడు. "నన్ను పాతిపెట్టేసిందా?" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అన్నయ్య బతికే ఉన్నాడు వదినా. నమ్మనని రాశావు కాబట్టి ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, వాడి జేబులో పెడుతున్నాను. నువ్వు ఇది చదువుతున్నావంటే వాడు నీ ఎదురుగా ఉన్నట్టే.

పోయింది హైడో.

జూలై తొమ్మిదిన, మంగళవారం. నూతి దగ్గర బిందె ఎత్తుతుంటే నోట్లోంచి రక్తం పడింది. చేత్తో మూసుకుని నవ్వుతూ నా వైపు చూసింది, "అమ్మకు చెప్పకే" అంది. ఇంటిదాకా నడిచింది. సాయంత్రానికి అయిపోయింది. ఏప్రిల్ నుంచి ఒక్క మాత్ర కూడా వేసుకోలేదట. మాత్రలన్నీ పెట్టెలో అలాగే ఉన్నాయి, వాళ్లమ్మ తీసి చూపించింది.

ఆ రాత్రి రేడియో మీద గుడ్డ కప్పింది అమ్మ. మన ఇంటికీ వాళ్లింటికీ గోడ ఒకటే, మన పెట్టె పలికితే వాళ్ల వంటింట్లో వినిపిస్తుంది. "నలభై రోజులు" అంది. దాన్ని దెయ్యం పెట్టె అనే మనిషి, నల్లగుడ్డ దొరక్కపోతే తన తలమీది గుడ్డే తీసి కప్పింది. వీధిలో మిగతా వాళ్లూ అంతే చేశారు. కాబట్టి నువ్వు లెక్క సరిగ్గానే కట్టావు. ఇల్లు ఒక్కటే తప్పింది.

నీకెందుకు చెప్పలేదంటే, మే నెలలో అన్నయ్య వచ్చినప్పుడు మీ డాక్టరు పక్కకు పిలిచి చెప్పాడు, ఒక మంచం మనిషి పోయిందని తెలిస్తే చుట్టుపక్కల నాలుగు మంచాలు తిండి మానేస్తాయి, చెడ్డ కబురు ఏదీ రానివ్వకండి అని. మేం ముగ్గురం కూర్చుని చెప్పకూడదనుకున్నాం. హైడోలాగా నేనూ వచ్చేస్తానని నువ్వు రాసినదానికి జవాబు రాయబోతే నాకు చెయ్యి ఆడలేదు. చెబితే నువ్వు తిండి మానేస్తావు, చెప్పకపోతే లేచి వచ్చేస్తావు. అన్నయ్య చెప్పెయ్యమన్నాడు, అమ్మ వద్దంది, మళ్లీ అన్నయ్య వద్దన్నాడు, అమ్మ చెప్పెయ్యమంది. నెలంతా ఇదే గొడవ. "వాళ్లింట్లో తీరిక లేదు" అని రాసింది నేనే. అది చదివి నువ్వు హైడో నూర్పిడికి దిగిందనుకున్నావు. ఆ ఉత్తరం వచ్చినప్పుడు గడ్డివామి వెనక్కి పోయి కూర్చున్నాను.

ఆదివారం పాట వినలేదు. కాఫీ దుకాణంలో రేడియో ఉంది కదా, దుకాణం నడిపే థానాసిస్‌ను అడిగాను, "వచ్చిందా?" అని. "వచ్చింది, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. వాడికి ఏదైనా బ్రహ్మాండమే. మిగతాదంతా కల్పించాను. మీ పెళ్లిలో అన్నయ్య టోపీ తీశాడు కదా, అది గుర్తుండి రాశాను.

ఇందాక వాళ్లమ్మ గోడ అవతల నుంచి "మీరైనా వెళ్లండే, పండగపూట" అని పిలిచింది. అమ్మ "మాకు కాళ్లు నొప్పులు" అంది.

ఆదివారం నలభయ్యో రోజు. గోధుమల ప్రసాదం నేనే ఉడకబెడతాను. నువ్వు వస్తావో రావో నేను ఇక చెప్పను. ఏమైందో రాశాను, అంతే. అన్నయ్య రేపు బయల్దేరుతున్నాడు, శనివారానికి చేరతాడు. బేరిపళ్లు పంపుతున్నాను, దెబ్బ తిన్నవి ముందు తినండి.

లంబ్రిని

&nbsp;

కొండ ఆసుపత్రి,
20 ఆగస్టు, మంగళవారం

లంబ్రినీ,

రాత్రి కొంచెం వాన పడింది. వరండా తడిసి ఉంది కాబట్టి ఈ పూట పడక లేదు. మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర టోపీ కనిపించింది. నడక చూసి గుర్తుపట్టాను. సంతోషం రాలేదు, కోపం వచ్చింది. గేటు దాకా వెళ్లి, "చచ్చిపోలేదా నువ్వు?" అన్నాను.

"ఇంకా లేదు. బస్సులో కొంత అయ్యాను" అన్నాడు.

"మరి ఒక్క మాటైనా పంపలేవా రెండు నెలల నుంచి?"

"పంపితే నోరు జారుతానని లంబ్రిని నా నోటికి తాళం వేసింది."

అప్పుడు నీ ఉత్తరం ఇచ్చాడు. నేను చదువుతున్నంతసేపూ బేరిపళ్ల సంచి చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. కింద పెట్టమని చెబితేనే పెట్టాడు.

నీ మీద నాకు కోపం తగ్గలేదు. జూలైలో రాసి ఉంటే జూలైలోనే పెట్టె విప్పేదాన్ని. డాక్టరు మాట డాక్టరుది. హైడో నా పక్క మంచం మీద రెండు నెలలు పడుకుంది. ఆమె వెళ్లిపోతున్న రోజు జుట్టు నేను దువ్వాను. నాకు తెలియాల్సింది. అయితే నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకూ తెలియదు.

హైడోను చూడండి, వెళ్లి ఎలా ఆడుతోందో అని వేసవంతా ఈ వార్డుకు చెప్పింది నేను. అందుకని చెప్పడం కూడా నేనే చెప్పాను. ఎవరూ తిండి మానలేదు. ఓడరేవు ఆవిడ గిన్నె అడుగు దాకా నాకేసింది. మరిగో మంచం కిందనుంచి పెట్టె లాగి, బట్టలు ఒక్కొక్కటి తీసి మేకుకు తగిలించింది.

మీ అన్నకోసం నానబెట్టిన తలగుడ్డ ఆరి ఉంది. దాన్ని గోడమీది రేడియోకు కట్టాం. సాయంత్రం వార్తల వేళకు పెద్ద నర్సు వచ్చి, "ఎవరిదీ గుడ్డ?" అంది. హైడో మంచంలోకి కొత్తగా వచ్చిన పిల్ల ఉంది, హైడోను చూడను కూడా చూడలేదు, ఆ పిల్ల అంది, "పదిహేనో మంచం వాళ్లది" అని. నర్సు వార్తలు పెట్టకుండానే వెళ్లిపోయింది. ఆదివారం మీరు ప్రసాదం పంచే వేళ దాటాక విప్పాం. వెంటనే సైనికుల బ్యాండు వచ్చింది. మార్చడానికి ఎవరూ లేవలేదు.

నిన్న పొద్దున డాక్టరును రెండు ఫిల్ములూ చూపించమని అడిగాను, ఫిబ్రవరిదీ ఇప్పటిదీ. పప్పుగింజ ఇప్పుడు ఆవగింజంత ఉంది. నవంబరులో పోతుందా అంటే, "మీరు పడుకుంటే" అన్నాడు. హైడో విషయం నాకు తెలిసిందని చెప్పాను. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నేను ఏం విన్నానో రాయాలి కదా. నిన్న సాయంత్రం మీ అన్నను పైన్ చెట్ల కింద కూర్చోబెట్టి, ఆదివారం వెయ్యని పాట నువ్వు పాడు అన్నాను. "నేనా?" అన్నాడు. నువ్వే అన్నాను. వాడికి రాగం రాదని నీకు తెలుసు. పాడాడు. రెండు చరణాలు, మూడోది మర్చిపోయి మొదటిదే మళ్లీ పాడాడు. పైనుంచి మరిగో కిటికీలోంచి, "ఏమయ్యా, మేకల్ని పిలుస్తున్నావా?" అంది. "రెండు కాళ్ల మేక ఒకటి ఇక్కడే ఉంది, కదలడం లేదు" అన్నాడు. ఎందుకు పాడించానంటే, పోయాడనుకున్న ఎనిమిది రోజులూ వాడి గొంతు ఎంత ప్రయత్నించినా నాకు గుర్తు రాలేదు. మొహం వచ్చింది, గొంతు రాలేదు.

నా కాళ్లు కదిలాయి కానీ నేను లేవలేదు.

మన రేడియో మీద గుడ్డ తీశారా? తీస్తే మొదట ఏం వచ్చిందో రాయి. నీ ముక్కుపాటైనా సరే. గోడమీద ఎవరూ లేరు కాబట్టి పెంచాల్సిన పనిలేదు. తగ్గించే పెట్టండి, వాళ్లమ్మకు వినపడకుండా.

పొట్టేలుకు కొత్త గంట కొనమని మీ అన్నకు చెప్పాను. తలూపాడు, మర్చిపోతాడు, నువ్వు గుర్తుచెయ్యి.

ఆరున్నర బస్సు ఈరోజు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎక్కింది ఇద్దరు. పాలు తెచ్చే ముసలాయన, స్టెర్యోస్.

ఎవాంథియా